కారు లేకుండా ఐఫెల్ మార్ సరస్సులు చూసి రావడం ఎలా?

జర్మనీ పడమటి వైపు, కొలోన్‌కీ ట్రియర్‌కీ మధ్య ఐఫెల్ అనే కొండప్రాంతం ఉంది. చెప్పుకోదగ్గ నగరం ఒక్కటీ లేదు. అడవులు, ఆవులు మేసే బీళ్ళు, నల్లటి పలకరాతి కప్పుల పల్లెలు. ఆ పల్లెల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి గుండ్రటి చిన్న సరస్సులు. వాటిని మార్ అంటారు. ఆఖెన్, బాన్, కొలోన్‌లలో చదువుకునే, ఉద్యోగాలు చేసే మనవాళ్ళు మూడు రోజులు సెలవు దొరికితే పారిస్‌కో ఆమ్‌స్టర్‌డామ్‌కో పరిగెడతారు. పక్కనే ఉన్న ఈ సరస్సుల మాట చాలామంది వినైనా ఉండరు. విన్నవాళ్ళు కూడా "కారు ఉండాలట కదా" అని ఊరుకుంటారు.

కారు అక్కర్లేదు. పైగా కారులో వెళ్తే నష్టమే. పార్కింగ్ నుంచి పార్కింగ్‌కి తిరిగి, ఒక్కో సరస్సు ముందు ఒక్కో సెల్ఫీ దిగితే అన్నీ ఒకేలా ఉన్నట్టు అనిపిస్తాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి కొండ ఎక్కి దిగితేనే తేడా తెలుస్తుంది. అందుకే ఇక్కడ పది సరస్సుల జాబితా ఇవ్వడం లేదు. మొదటి రోజు డౌన్ అనే చిన్న పట్నం దగ్గరి మూడు, ఓపిక ఉంటే రెండో రోజు గిల్లెన్‌ఫెల్డ్ అనే ఊరి చుట్టుపక్కల కొన్ని. అంతే.

బయల్దేరేముందు ఈ నీళ్ళ సంగతి

భూమి లోపలి నుంచి పైకి వస్తున్న శిలాద్రవానికి దారిలో భూగర్భజలం తగిలితే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆ ఒత్తిడికి పైనున్న రాయి పేలి తునాతునకలై ఎగురుతుంది. కొండ లేవదు, గొయ్యి పడుతుంది. ఎగిరిన బూడిద, రాళ్ళు గొయ్యి చుట్టూ గట్టులా పేరుకుంటాయి. పేలుళ్ళు ఆగాక వాన నీరు, ఊట నీరు చేరి గొయ్యి నిండుతుంది. పశ్చిమ ఐఫెల్‌లో ఇలాంటి గోతులు డెబ్భైకి పైగా ఉన్నాయి. ఇప్పటికీ నీళ్ళున్నవి ఓ పది పన్నెండు మాత్రమే. మిగతావి పూడిపోయి బురద నేలలుగా, పచ్చిక మైదానాలుగా మారాయి. అన్నిటిలోకి చిన్నవయసుదైన ఉల్మెన్ మార్ పుట్టి సుమారు 11,000 ఏళ్ళు. భూమి లెక్కలో అది నిన్నటి మాట.

ఇదంతా పుస్తకాల విషయం అనుకోకండి. మన చెరువుకు కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, అలుగు పారుతుంది. ఒడ్డు నుంచి లోపలికి నడిస్తే చీలమండ, మోకాలు, నడుము అంటూ లోతు మెల్లగా పెరుగుతుంది. మార్ అలా కాదు, గరాటులాంటిది. చాలావాటిలోకి వాగూ రాదు, వాటి నుంచి వాగూ పోదు. ఒడ్డు దాటి కాస్త లోపలికి వెళ్తే కాలికి నేల అందకపోవచ్చు. ఈత గురించి చెప్పేటప్పుడు మళ్ళీ ఈ మాటకే వస్తాను.

ఎప్పుడు వెళ్ళాలి

నన్నడిగితే మే చివర, జూన్ మొదట్లో. అప్పుడు గుట్టల మీద గిన్‌స్టర్ పొదలు నిండా పసుపు పూలతో ఉంటాయి. ఇక్కడివాళ్ళు దాన్ని ఐఫెల్ బంగారం అంటారు. పొద్దు తొమ్మిదిన్నర దాటేదాకా ఉంటుంది కాబట్టి తొందరపడే పని లేదు. ఈత కొట్టాలనుంటే జులై, ఆగస్టు. జనం వద్దు, చలి ఫర్వాలేదు అంటే అక్టోబరు. ఆకులు రంగు మారతాయి, పొద్దున పూట గుంతల్లో పొగమంచు నిలుస్తుంది. డిసెంబరు, జనవరిలలో నాలుగున్నరకే చీకటి పడుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఆ నెలలు వద్దు.

వారంలో ఏ రోజు అన్నది కూడా ముఖ్యమే. ఆదివారం పల్లె బస్సులు బాగా తగ్గిపోతాయి, సూపర్ మార్కెట్లు మూసేస్తారు. శనివారం వెళ్ళి ఆదివారం మధ్యాహ్నానికల్లా తిరుగుముఖం పట్టడం మేలు. సోమ, మంగళవారాల్లో పల్లె హోటళ్ళు చాలావరకు సెలవు.

ఎలా చేరుకోవాలి

మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే ప్రయాణానికి వేరే ఖర్చు లేదు. 2023లో 49 యూరోలతో మొదలైన ఆ టికెట్ ధర 2025లో 58, 2026 జనవరి నుంచి 63 యూరోలు అయింది. విద్యార్థుల సెమిస్టర్ టికెట్ చాలా యూనివర్సిటీల్లో ఇప్పుడు ఇదే. ప్రాంతీయ రైళ్ళలో, పల్లె బస్సుల్లో చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు వేగవంతమైన రైళ్ళు మాత్రం ఎక్కకూడదు.

దారులు రెండు. కొలోన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఐఫెల్ లైన్ రైలెక్కి గెరోల్‌స్టైన్‌లో దిగాలి. అవును, మీరు తాగే గెరోల్‌స్టైనర్ నీళ్ళ సీసా మీదున్న ఊరే. అక్కడి నుంచి డౌన్‌కి బస్సు. 2021 జులై వరదల్లో ఈ రైలు మార్గం చాలా చోట్ల కొట్టుకుపోయింది. అప్పటినుంచి పనుల వల్ల రైలు బదులు బస్సులు నడిపే రోజులు తగులుతూ ఉంటాయి. కాబట్టి ముందురోజు రాత్రి జర్మన్ రైల్వేవాళ్ళ డీబీ యాప్‌లో ఒకసారి చూసుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్, కోబ్లెంజ్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు మోజెల్ నది వెంట వెళ్ళే రైలు సుఖం. విట్‌లిష్‌లో దిగి బస్సు పట్టుకోవాలి.

బస్సుల విషయంలో ఒక్క చిక్కు గుర్తుపెట్టుకోండి. టైమ్‌టేబుల్‌లో కొన్ని ట్రిప్పుల పక్కన రుఫ్‌బుస్ అని ఉంటుంది. అంటే అది ఎవరైనా ముందుగా ఫోన్‌లోనో యాప్‌లోనో చెబితేనే వస్తుంది. ఎవరూ చెప్పకపోతే రాదు. స్టాప్‌లో నిలబడి చెయ్యి ఊపితే ఆగేది కాదది, అసలు బయల్దేరి ఉండదు. ఎంత ముందు చెప్పాలో టైమ్‌టేబుల్ కిందే రాసి ఉంటుంది.

సైకిల్ తొక్కేవాళ్ళకు ఇంకో దారి ఉంది. డౌన్ నుంచి బెర్న్‌కాస్టెల్ దాకా పాత రైలు పట్టాలు తీసేసి వేసిన మార్-మోజెల్ సైకిల్ బాట, 58 కిలోమీటర్లు. రైలు దారి కాబట్టి పెద్ద ఎక్కుళ్ళు లేవు, సొరంగాలు, ఎత్తైన వంతెనలు వస్తాయి. ఏప్రిల్ నుంచి నవంబరు మొదలుదాకా సైకిళ్ళను ట్రైలర్‌లో మోసుకెళ్ళే రెగియోరాడ్లర్ బస్సులు నడుస్తాయి. సైకిల్‌కి చోటు ముందే బుక్ చేసుకోవాలి.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి

పులిహోర. నవ్వుతాలకి అనడం లేదు. నడిచే దారిలో గంటల తరబడి కొట్టు కనబడదు. పల్లె హోటళ్ళలో వంటగది మధ్యాహ్నం రెండింటికి మూసి, మళ్ళీ సాయంత్రం అయిదున్నర, ఆరింటికి తెరుస్తారు. మధ్యలో వెళ్తే కేకు, కాఫీ మాత్రమే. శాకాహారులు మెనూలో రైబెకూఖెన్ వెతకండి. ఆలుగడ్డ తురిమి నూనెలో వేయించిన అట్లు, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. గుడ్డు కలుపుతారు, అది కూడా తినకపోతే ముందే అడగాలి. చేప తినేవాళ్ళకు ఫొరెల్లె అనే మంచినీటి చేప ఎక్కడైనా దొరుకుతుంది. నగదు కొంచెం దగ్గర పెట్టుకోండి, చిన్న చోట్ల కార్డు తీసుకోరు.

నీళ్ళు ఒక్కొక్కరికి లీటరున్నరకు తగ్గకుండా. మడమ జారని బూట్లు. వేసవిలో కూడా ఒక పల్చటి జాకెట్, ఎందుకంటే వానకి ఇక్కడ వేళాపాళా ఉండదు. మ్యాప్ ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి. గుంతల్లో సిగ్నల్ పోతుంది.

నిండు ప్యాంటు వేసుకుని అంచులు సాక్స్‌లోకి దోపండి. చూడ్డానికి బాగుండదు గానీ గడ్డిలో పిడుదులు ఉంటాయి. సాయంత్రం మోకాళ్ళ వెనక, నడుము దగ్గర, చంకల్లో, పిల్లలకైతే చెవుల వెనక కూడా వెతకండి. అంటుకుని ఉంటే నూనె పూయడం, కాల్చడం లాంటివి చేయొద్దు. మందుల షాపులో దొరికే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. తర్వాతి రోజుల్లో అక్కడ ఎర్రటి వలయం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

మొదటి రోజు: డౌన్ దగ్గరి మూడు

డౌన్ ఊరి దక్షిణపు చివర నుంచి అరగంట పైన నడిస్తే గెముండెన్ మార్ వస్తుంది. మూడింటిలో చిన్నది ఇదే. నిటారుగా లేచిన అడవి వాలుల మధ్య ఉంటుంది కాబట్టి దగ్గరికి వెళ్ళేదాకా కనపడదు. లోతు 38 మీటర్లు. అంటే పది పన్నెండు అంతస్తుల మేడ మునుగుతుంది. వేసవిలో ఓ మూల ఈత కోసం తెరుస్తారు, పడవలు కూడా ఇస్తారు. కానీ ఇక్కడే బట్టలు విప్పేయకండి, ఇంకా చాలా నడక ఉంది. చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి పైకి ఎక్కడం మొదలుపెట్టండి.

ఈ ఎక్కుడు కాస్త ఆయాసం పెడుతుంది. పైన 561 మీటర్ల ఎత్తున మాయిసెబెర్గ్ కొండ, దాని మీద చిన్న రాతి గోపురం. ఐఫెల్ నడకదారులకు గుర్తులు వేసి కాపాడే ఐఫెల్ ఫెరైన్ సంఘాన్ని 1888లో స్థాపించిన అడాల్ఫ్ డ్రోంకె జ్ఞాపకంగా 1902లో కట్టారు. మెట్లెక్కి ఓ సారి చుట్టూ చూసి, పులిహోర డబ్బా ఇక్కడ తెరవండి. బెంచీలున్నాయి.

రెండో వైపు దిగితే వైన్‌ఫెల్డ్ మార్. నేను ఎక్కువ సమయం ఇవ్వమనేది దీనికే. గెముండెన్‌లో అడవి నీళ్ళ మీదికి వంగి ఉంటే, ఇక్కడ ఒడ్లు బోడిగా, ఆకాశానికి తెరిచి ఉంటాయి. పొదలు పెరిగిపోకుండా వాలుల మీద మేకల్ని మేపుతారు. లోతు 51 మీటర్లకు పైనే, పోషకాలు తక్కువ కాబట్టి నీళ్ళు తేటగా ఉంటాయి. ఒడ్డున ఒక తెల్లటి చిన్న క్రైస్తవ గుడి, చుట్టూ సమాధులు. వైన్‌ఫెల్డ్ అనే ఊరు ఒకప్పుడు ఇక్కడ ఉండేది. 16వ శతాబ్దంలో ప్లేగు వచ్చి ఊరు ఖాళీ అయింది, గుడి మాత్రం మిగిలింది. అందుకే దీన్ని టోటెన్‌మార్, అంటే చచ్చినవాళ్ళ మార్ అని కూడా పిలుస్తారు. పేదల్ని గుమ్మంలోంచి గెంటేసిన ఓ జమీందారిణి కోట రాత్రికి రాత్రి ఈ నీళ్ళలో మునిగిపోయిందని ఒక కథ కూడా చెబుతారు. పేరు విని పిల్లలు భయపడితే మేకల్ని చూపించండి, సర్దుకుంటారు.

ఆ శ్మశానం ఇప్పటికీ వాడుకలో ఉంది. పక్క ఊరివాళ్ళు తమవాళ్ళను ఇక్కడే సమాధి చేస్తారు. ఎర్ర గాజు దీపాలు, తాజా పూలు కనిపిస్తాయి. సమాధుల మీద కూర్చుని ఫోటోలు వద్దు, గట్టిగా మాటలు వద్దు, గేటు తీస్తే మళ్ళీ వేయండి.

ఈ సరస్సులో దిగకూడదు. ఆకుపచ్చ అంచున్న త్రికోణపు బోర్డు, మధ్యలో డేగ బొమ్మ కనిపిస్తే అది రక్షిత ప్రకృతి ప్రాంతం. బాట వదిలి పోవడం, నీళ్ళలో దిగడం, డ్రోన్ ఎగరేయడం, పూలు కోయడం ఏవీ కుదరవు. "కాళ్ళు తడుపుకుంటే ఏమవుతుంది" అనే మాట అక్కడ చెల్లదు.

ఎక్కడైనా దారి పక్కన గట్టు కోసుకుపోయి మట్టి బయటపడి ఉంటే కాసేపు ఆగి చూడండి. బూడిదరంగు, గోధుమరంగు, నలుపు పొరలు ఒకదానిమీద ఒకటి, కొన్ని వేలెడు మందం, కొన్ని గోరంత. ఒక్కో పొర ఒక్కో పేలుడుకు పడింది. వాటి మధ్య పదునైన అంచులతో పలకరాతి ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. ఆ పలకరాయి సుమారు 40 కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు బురద. అగ్నిపర్వతం దాన్ని పుట్టించలేదు, కింద ఉన్నదాన్ని పగలగొట్టి పైకి విసిరింది. ఇందాక చెప్పిన పేలుడుకి ఇదే సాక్ష్యం. ముక్కలు లాగకండి, గట్టు జారుతుంది.

గుడి నుంచి రోడ్డు వైపు వచ్చి గట్టు ఎక్కండి. ఆ గట్టు దగ్గర నుంచి వెనక్కి చూస్తే వైన్‌ఫెల్డ్ మార్, ముందుకు చూస్తే కిందెక్కడో షాల్కెన్‌మేరెన్ మార్. వెనకున్న నీటి మట్టం సముద్రానికి 484 మీటర్ల ఎత్తున, ముందున్నది 420 మీటర్ల ఎత్తున. పక్కపక్కనే ఉన్న రెండు సరస్సులకు అరవై మీటర్లకు పైగా తేడా! ఒకే మైదానంలో తవ్విన గుంటలు కావివి. దేనికదే విడిగా పేలిన గొయ్యి, దేని నీళ్ళు దానివే. కారులో వచ్చి రోడ్డు పక్కన ఆగినవాళ్ళకూ ఈ చూపు దక్కుతుంది, కాదనను. కానీ గెముండెన్ నుంచి ఎక్కి వచ్చిన కాళ్ళకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

కిందికి దిగితే షాల్కెన్‌మేరెన్. ఇది ఊరున్న సరస్సు. ఇళ్ళు, చర్చి, హోటళ్ళు ఒడ్డునే. లోతు 21 మీటర్లే. నిజానికి ఇక్కడ రెండు గోతులు కలిసి ఉన్నాయి. తూర్పుది ముందే పూడి బురద నేల అయింది, పడమటిదానిలో నీళ్ళున్నాయి. సరస్సు వయసు పైబడితే ఏమవుతుందో పక్కనే ఉంది. ఊళ్ళో నేతపని గురించి చిన్న మ్యూజియం ఉంది. 1920లలో ఇక్కడి ఆడవాళ్ళు సహకార సంఘంగా ఏర్పడి నేసిన బట్ట మార్‌టూఖ్ పేరుతో అమ్ముడయ్యేది. మగ్గాల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు తెరిచి ఉంటే వదలకండి.

తిరిగి డౌన్‌కి బస్సు ఉంటే బస్సు, లేదంటే ఇందాక చెప్పిన సైకిల్ బాట మీద నడక. దారిలో పాత రైలు సొరంగం, అర కిలోమీటరు పైనే ఉంటుంది, మండే ఎండలో కూడా లోపల చలి వేస్తుంది. సైకిళ్ళు వేగంగా వస్తాయి, కుడివైపు నడవండి. మొత్తం నడక పన్నెండు, పద్నాలుగు కిలోమీటర్ల దాకా అవుతుంది. చిన్నపిల్లలు ఉంటే గెముండెన్ వదిలేసి బస్సులో నేరుగా షాల్కెన్‌మేరెన్ వెళ్ళి, అక్కడి నుంచి వైన్‌ఫెల్డ్ దాకా ఎక్కి దిగితే సరిపోతుంది.

ఈత: ఎక్కడ, ఎలా

గెముండెన్, షాల్కెన్‌మేరెన్, రెండో రోజు చూడబోయే పుల్వర్ మార్‌లలో వేసవిలో ఈతకు కేటాయించిన చోట్లున్నాయి. టికెట్ ఉంటుంది. ఆ చోట్లలోనే దిగండి. తాడు కట్టి వేరు చేసిన లోతు తక్కువ భాగం ఈత రానివాళ్ళకు. తాడు అవతల లోతు ఎలా ఉంటుందో ముందే చెప్పాను కదా. పైపైన నీళ్ళు వెచ్చగా ఉన్నా రెండు మూడు నిలువుల కింద మంచులా ఉంటాయి. ఎండలో నడిచి వచ్చి ఒక్కసారిగా దూకొద్దు; ముందు చేతులు, మెడ తడుపుకుని మెల్లగా దిగండి.

ఎరుపు-పసుపు జెండా ఉంటే లైఫ్‌గార్డు కాపలా ఉన్నట్టు. దానితోపాటు పసుపు జెండా కూడా ఉంటే ఈత అంతగా రానివాళ్ళు దిగకూడదు. ఎర్ర జెండా అంటే ఎవరూ దిగకూడదు.

పిల్లలకు సీఫెర్డ్‌షెన్ బ్యాడ్జ్ వచ్చిందని ధైర్యపడే తల్లిదండ్రులు చాలామంది. అది ఈత మొదలుపెట్టారని చెప్పే బ్యాడ్జ్ మాత్రమే. బ్రాంజ్ బ్యాడ్జ్ వచ్చాకే ఈత వచ్చినట్టు లెక్క అని ఇక్కడి జీవరక్షక సంఘం డీఎల్ఆర్‌జీ చెబుతుంది. సీఫెర్డ్‌షెన్ పిల్ల నీళ్ళలో ఉంటే మీరూ నీళ్ళలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. ఒడ్డున ఫోన్ చూస్తూ కాదు. మీకు ఈత రాకపోతే అందరూ తాడు లోపలే.

ఈత దుస్తులు లేకుండా జీన్స్‌తో, చున్నీతో దిగనివ్వరు. నిండుగా కప్పే స్విమ్ సూట్‌తో వెళ్తే ఎవరూ పట్టించుకోరు. తువ్వాలు చుట్టుకుని పచ్చికలోనే బట్టలు మార్చుకోవడం ఇక్కడ మామూలే, టెన్షన్ పడకండి.

రెండో రోజు: గిల్లెన్‌ఫెల్డ్

డౌన్ నుంచి బస్సులోనో సైకిల్ మీదో గిల్లెన్‌ఫెల్డ్ చేరండి. ఊరికి ఓ పక్క పుల్వర్ మార్ ఉంది. దాదాపు సరిగ్గా గుండ్రంగా, చుట్టూ అడవి, 72 మీటర్ల లోతు. ఐఫెల్ మార్‌లలో ఇంతకన్నా లోతైనది లేదు. చుట్టూ నడక హాయిగా ఉంటుంది, ఎక్కుడు దిగుడు తక్కువ.

ఊరికి రెండో పక్క మూడు ఒకే వరసలో ఉంటాయి: హోల్ట్స్‌మార్, డ్యూరెస్ మార్, హిట్షె. మొదటిదానిలో నీళ్ళున్నాయి, రెండోది బురదతో పూడిపోయింది, మూడోది అన్నిటికన్నా చిన్నది, చూపించకపోతే పొలంలో పల్లం అనుకుని దాటిపోతారు. ఫోటోలకు ఏమీ లేదు గానీ, నిన్న షాల్కెన్‌మేరెన్‌లో కనిపించిన ముసలితనం ఇక్కడ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. హోల్ట్స్‌మార్ అడుగున ఏటేటా పలచటి పొర చొప్పున పేరుకున్న బురదను గొట్టాలతో తీసి, చెట్టు వలయాలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి, వేల ఏళ్ళ వాతావరణం ఎలా మారిందో శాస్త్రజ్ఞులు చెప్పగలిగారు. డ్యూరెస్ మార్ బురదలోకి ఎంత గట్టిగా కనిపించినా కాలు పెట్టొద్దు.

వాన పట్టుకుంటే మాండర్‌షైడ్ ఊళ్ళో మార్ మ్యూజియం ఉంది. ఎక్‌ఫెల్డ్ అనే చోట సుమారు 4.4 కోట్ల ఏళ్ళ నాటి, ఎప్పుడో ఎండిపోయిన మార్‌లో దొరికిన కుక్కంత గుర్రపు శిలాజం గురించి అక్కడ తెలుస్తుంది. చలికాలంలో వెళ్తుంటే తెరిచి ఉందో లేదో ముందే చూసుకోండి.

ఏదైనా తేడా వస్తే

112కి ఫోన్ చేయండి. అడవిలో మీరెక్కడున్నారో చెప్పడం కష్టం. ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల క్రాస్, కింద నంబరు ఉన్న రెట్టుంగ్స్‌పుంక్ట్ బోర్డులు దారుల కూడళ్ళలో ఉంటాయి. ఆ నంబరు చెబితే అంబులెన్స్ నేరుగా వస్తుంది. నడుస్తున్నప్పుడు కనబడిన ప్రతి బోర్డునూ ఫోటో తీసి ఉంచుకోండి. అడవిలో నిప్పు రాజేయడం, టెంట్ వేసి పడుకోవడం కుదరదు. టెంట్ కావాలంటే పుల్వర్ మార్ దగ్గర క్యాంపింగ్ ఉంది.

తిరుగు ప్రయాణానికి ఆ రోజు చివరి బస్సును నమ్ముకోకండి. దానికి ముందు బస్సు ఎక్కేలా చూసుకోండి. అది తప్పినా ఇంకొకటి ఉంటుంది.